తేరు పెరిగినది, వీథి పెరుగలేదు

దేవాలయము గల పాత ఊళ్లలో తేరు సాగు వీథిని చూచినవారికి ఒక విషయము తెలియును. తేరు ఎంత వెడల్పో, పగ్గములు పట్టినవారికి ఎంత చోటు కావలెనో, మలుపులో దానిని త్రిప్పుటకు ఎంత జాగా చాలునో అక్కడి పెద్దలకు లెక్క ఉండును. సంవత్సరమున కొక్కనాడు వీథి తేరుది; తక్కిన దినములన్నియు ఊరివారిది. ఈ ఒడంబడిక ఏ కాగితముపైనను వ్రాసినది కాదు. అయినను ఆనాడు కొట్టు మూసికొన్న వర్తకుడు విసుగుకొనడు. ఏలయన ఆ తేరు అతనిది కూడ.

మోటారు కారుల పందెములను నగర వీథులలో నడుపుట ఈ కాలమునకు తగునా అను ప్రశ్నను ఈ తేరు కొలతతోనే పరిశీలింపవచ్చును. అది మనకు దూరదేశపు ముచ్చట కాదు. సంగారెడ్డి జిల్లాలో బీదరు పొలిమేరలకు దగ్గరగా ఉన్న నారాయణఖేడ్ వంటి ఊరినుండి ఆఫీసు పనికో, ఆసుపత్రికో హైదరాబాదు వచ్చువారికి హుస్సేన్ సాగరు ఒడ్డు పరిచితమైన చోటు. అక్కడి లుంబినీ పార్కు, ఎన్టీఆర్ మార్గము, నెక్లెస్ రోడ్డు, సచివాలయము ఎరుగనివారు అరుదు. 2023 ఫిబ్రవరి 11వ తేదీన ఈ దారులే కాంక్రీటు దిమ్మెలతోను, ఇనుప కంచెలతోను మూయబడి, ఫార్ములా ఇ అను విద్యుత్ కారుల ప్రపంచ పందెమునకు రంగస్థలమైనవి. చుట్టు పొడవు 2.83 కిలోమీటర్లు, మలుపులు 18. పోటీ చేసిన జట్లు 11. సారథులు 22 మంది. ఫ్రాన్సు దేశీయుడైన జాన్ ఎరిక్ వెర్న్ మొదటివాడుగా వచ్చెను. న్యూజిలాండు సారథి నిక్ కాసిడీ అర సెకను కన్న తక్కువ వ్యవధితో రెండవవాడయ్యెను. గ్రేటర్ నోయిడాలో 2013లో ఫార్ములా వన్ పందెము ముగిసిన తరువాత భారతదేశమునకు ఆ స్థాయి కారు పందెము మరల వచ్చుట అదియే.

మరుసటి సంవత్సరము 2024 ఫిబ్రవరి 10వ తేదీకి నిర్ణయించిన రెండవ పందెము జరుగలేదు. ఒకసారి ఘనముగా సాగిన తేరు రెండవయేట ఎందుకు కదలలేదు? దీనికి సమాధానము చెప్పుటకు ముందు, అసలు వీథిలో పందెమను ఆచారము ఎక్కడ పుట్టినదో, ఎట్లు మారినదో చూడవలెను.

మోటారు పందెము వీథిలోనే పుట్టినది; అప్పటికి వేరు దారి లేదు. 1895లో పారిస్ నుండి బోర్డో వరకు పోయి తిరిగి వచ్చు పందెము జరిగినప్పుడు, ముందుగా చేరిన ఎమీల్ లెవస్సోర్ రెండు పగళ్లు, రెండు రాత్రులు బండి తోలవలసి వచ్చెను. వేగము పెరిగినకొలది ప్రమాదము పెరిగెను. 1903లో పారిస్ నుండి మాడ్రిడ్‌కు సాగిన పందెములో పలువురు మరణింపగా దానిని బోర్డోలోనే నిలిపివేసిరి. అటుపిమ్మట ఇంగ్లండులో 1907లో బ్రూక్‌లాండ్స్, అమెరికాలో 1909లో ఇండియానాపొలిస్, ఇటలీలో 1922లో మోంజా ప్రత్యేక పందెపు బాటలుగా వెలసినవి. అయినను దారి పందెములు పూర్తిగా పోలేదు. ఇటలీలోని మిల్లే మిల్యా పందెములో 1957లో ఒక కారు అదుపు తప్పి దారిప్రక్కన నిలిచిన జనముమీదికి పోయినది. కారులోని ఇద్దరును, చూడవచ్చిన తొమ్మిదిమందియు మరణించిరి. వారిలో అయిదుగురు పిల్లలు. పందెముగా మిల్లే మిల్యా అంతటితో ముగిసినది. 1975లో బార్సిలోనా నగరపు మోంజుయిక్ కొండదారులలో జరిగిన ఫార్ములా వన్ పందెమున ఇనుప కంచెల బోల్టులు సరిగా బిగింపబడలేదని సారథులు ముందుగానే అభ్యంతరము తెలిపిరి. పందెము నాడు రెక్క విరిగిన కారొకటి కంచె దాటి పడి ప్రాణనష్టము కలిగించెను. ఫార్ములా వన్ మరల అక్కడికి పోలేదు.

మన ప్రక్కననే మద్రాసుకు ఉత్తరముగా ఉన్న షోళవరములో రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానముల బాట చాలాకాలము పందెములకు ఉపయోగపడినది. తరువాత 1990లో ఇరుంగాట్టుకోట్టైలో వేరుగా పందెపు బాట వెలసినది. ఊరిదారి విడిచి పందెమునకు వేరు చోటు వెదకుకొనుట మనవారికిని క్రొత్త కాదు.

వీథి పందెములన్నింటికి పెద్దన్న వంటిది మొనాకో. 1929 ఏప్రిల్ 14వ తేదీన అక్కడ జరిగిన మొదటి పందెములో గ్రోవర్ విలియమ్స్ అను ఆంగ్లేయుడు బుగాటీ కారుపై గెలిచెను. అతని సగటు వేగము గంటకు సుమారు 80 కిలోమీటర్లు. ఈనాడు మన రహదారులపై బస్సు పోవు వేగమది. బుగాటీ సన్ననిది, వీథి దానికి చాలినది. ఇప్పుడా వీథి దాదాపు ఆ మేడల నడుమనే, ఆ రేవు ప్రక్కననే ఉన్నది. కారు మాత్రము పెరిగినది. 2017 నుండి 2025 వరకు ఫార్ములా వన్ కారు వెడల్పు 2 మీటర్లు. పొడవు అయిదున్నర మీటర్లకు దగ్గర. రెండు కారులు ప్రక్కప్రక్కన పోవలెనన్న నాలుగు మీటర్లకు మించి కావలెను; అదియు గోడల నడుమ, మలుపులో. కనుక వెనుకవాడు ఎంత నేర్పరియైనను ముందువానిని దాటలేడు.

దీనికి 2024 నాటి మొనాకో పందెము తిరుగులేని సాక్ష్యము. మొదటి పదిమంది ఏ వరుసలో బయలుదేరిరో ఆ వరుసలోనే గమ్యము చేరిరి. ఫార్ములా వన్ చరిత్రలో అట్లు జరుగుట అదియే మొదటిసారి. ఆనాటి విజేత షార్ల్ లెక్లేర్ మొనాకో వాడగుటచే ఊరు ఊరంతయు పండుగ చేసికొన్నది. కాని పందెముగా చూచినచో అది ఊరేగింపు. 2025లో ప్రతి సారథియు రెండుసార్లయినను ఆగి చక్రముల టైర్లు మార్చుకొనవలెనని అక్కడికొక ప్రత్యేక నియమము పెట్టిరి. అప్పుడు కొన్ని జట్లు ఒక కారును కావలెనని నెమ్మదిగా నడిపి, వెనుకవారిని నిలిపి, తమ రెండవ కారునకు వ్యవధి సంపాదించి పెట్టినవి. రోగము కొలతలో ఉండగా మందు నియమములో వెదకినందున కలిగిన ఫలమిది. 2026 నియమములలో కారు వెడల్పును 10 సెంటీమీటర్లు తగ్గించిరి. అది చిన్న అడుగే అయినను సరియైన దిక్కునకు వేసిన అడుగు.

అట్లైన వీథి పందెమునకు కాలము చెల్లినదా? ఆ మాట తొందరపాటగును. అదే మొనాకోలో, అవే మలుపులలో, 2023లో ఫార్ములా ఇ పందెము జరిగినది. హైదరాబాదులో రెండవవాడుగా నిలిచిన నిక్ కాసిడీయే అక్కడ తొమ్మిదవ స్థానమునుండి బయలుదేరి మొదటివాడుగా వచ్చెను. వీథి మారలేదు, తేరు మారినది. ఈ మూడవ తరపు విద్యుత్ కారు వెడల్పు 1.7 మీటర్లే. అంతకన్న ముఖ్యమైన కారణము మరొకటి కలదు. ఈ కారు బ్రేకు వేసినప్పుడు మోటారు తలక్రిందుగా పనిచేసి, చక్రము తిరుగుటలోని శక్తిని విద్యుత్తుగా మార్చి బాటరీకి తిరిగి ఇచ్చును. మలుపులు ఎక్కువైనచో బ్రేకులెక్కువ. బ్రేకులెక్కువైనచో తిరిగి వచ్చు శక్తి ఎక్కువ. ముందుపోవువాడు గాలిని చీల్చుకొనుటకు శక్తిని వ్యయము చేయును. వెనుకవాడు ఆ చాటున పొదుపు చేసి, సమయము చూచి దాటును. కనుక వీథిలోని లోపమే ఈ పందెమునకు గుణమైనది. హుస్సేన్ సాగరు ఒడ్డున వెర్న్ చివరి చుట్లలో తనకు మిగిలిన కొద్ది శక్తిని పొదుపుగా వాడుచు కాసిడీని నిలువరించుటలోని రసము ఇదియే.

అయితే ఈ తేరును పెరుగకుండ ఉండుట లేదు. 2023 జూలైలో రోము నగరపు వీథులలో ఒకదానివెంట ఒకటిగా అనేక విద్యుత్ కారులు గుద్దుకొన్నవి. మరుసటి సంవత్సరము ఇటలీ పందెము రోము విడిచి మిసానో అను ప్రత్యేకపు బాటకు పోయినది. మూడవ తరపు కారు శక్తి 350 కిలోవాట్లు. నాల్గవ తరపుదానికి 600 కిలోవాట్లని ప్రకటించినారు.

ఇక్కడ పాఠశాలలోని భౌతికశాస్త్రమే తీర్పు చెప్పును. కదలుచున్న వస్తువు శక్తి దాని వేగపు వర్గమును బట్టి ఉండును. వేగము రెండింతలైన శక్తి నాలుగింతలు, మూడింతలైన తొమ్మిదింతలు. గంటకు 300 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 83 మీటర్లు. ప్రత్యేకపు బాటలో ఆ శక్తిని హరించుటకు గులకరాళ్ల పరపులు, విశాలమైన ఖాళీలు ఉండును. వీథిలో ఉండునది గోడ. మరియు వీథి క్రింద నీటి గొట్టములు, మురుగు కాలువలు ఉండును. పైనుండి పోవు కారు తన క్రింది గాలిని లాగుటచే వాని మూతలు లేచుట కలదు. 2019లో బాకూలో, 2023లో లాస్ వేగస్‌లో ఇట్లే లేచిన మూతలు కారుల అడుగుభాగమును చీల్చినవి.

ఇన్ని చిక్కులుండగా నగరములు వీథి పందెములను ఏల కోరుచున్నవి? 2008లో సింగపూరు, 2016లో బాకూ, 2021లో జెద్దా, 2023లో లాస్ వేగస్ ఫార్ములా వన్‌ను తమ దారులకు పిలిచినవి. ప్రత్యేకపు బాట ఊరికి దూరముగా ఉండును; వీథి పందెము జనము నడుమకు వచ్చును. అంతకుమించి, ఆ నగరపు రూపు లోకమంతట కనబడును. ఫార్ములా ఇ వచ్చిన దినములలో హుస్సేన్ సాగరులోని బుద్ధ విగ్రహమును, అప్పటికింకను ప్రారంభము కాని క్రొత్త సచివాలయ భవనమును దేశదేశములవారు చూచిరి. ఇది కొట్టివేయదగిన లాభము కాదు. సారథుల పక్షమునను ఒక మాట కలదు: గోడ దగ్గరగా ఉన్నచోటనే నేర్పు తేలును, తప్పును క్షమించు విశాలమైన బాటలో ఆ పరీక్ష లేదు.

కాని వీథి పందెమునకు కొలువవలసినది రోడ్డు వెడల్పు మాత్రమే కాదు. ఊరి అంగీకారమును కొలువవలెను. హైదరాబాదు కథ ఇక్కడనే మలుపు తిరిగినది. 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము మారెను. 2024 జనవరి 5వ తేదీన రెండవ పందెము రద్దయినట్లు నిర్వాహకులు ప్రకటించిరి. 2023 అక్టోబరు 30వ తేదీన కుదిరిన ఒప్పందమును పురపాలక శాఖ నెరవేర్చలేదని వారు చెప్పిరి. తరువాత ఆ పందెమునకై జరిగిన సుమారు 55 కోట్ల రూపాయల చెల్లింపు విషయమై 2024 డిసెంబరులో అవినీతి నిరోధక శాఖ కేసు నమోదు చేసెను. అందలి నిజానిజములు తేల్చవలసినది న్యాయస్థానము. ఇక్కడ తీర్పు చెప్పుట తగదు. పాఠము మాత్రము స్పష్టము. ఆగినది కారు కాదు, మలుపు కాదు, ఒడంబడిక ఆగినది. కొన్ని దినములు దారులు మూసి, పౌరులను చుట్టుదారులు త్రిప్పి, ప్రజాధనము వ్యయము చేయు వేడుకకు ప్రభుత్వము మారినను నిలుచునట్టి బహిరంగమైన సమ్మతి కావలెను. అది లేనిచో ఎంత చక్కని సర్క్యూటైనను ఒక యేటి ముచ్చటయే.

చెన్నైలో ఈ సమ్మతి న్యాయస్థానము ముందు పరీక్షకు నిలిచినది. ఐలాండ్ మైదానము చుట్టు 3.5 కిలోమీటర్ల వీథిలో 2023 డిసెంబరున జరుగవలసిన పందెము తుపాను వరదలచే వాయిదాపడినది. మదరాసు హైకోర్టు షరతులతో అనుమతింపగా 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో జరిగినది. అచటను మొదటిదినమున భద్రతా ధ్రువపత్రము ఆలస్యమైనందున పందెములు వెనుకబడినవి. అయినను దారి ఎవరిది, ఎంతసేపు ఇయ్యవచ్చును అను ప్రశ్న పదిమంది ఎదుట చర్చకు వచ్చుట మేలే.

కనుక తీర్పు ఇట్లు చెప్పవలెను. వీథి పందెము పాతబడలేదు. కొలత మరచిన పందెము పాతబడినది. కారు వీథికి తగినంత చిన్నదై, ఆగుటకు తగినంత నెమ్మదియై, కంచె గట్టిదై, లెక్క బహిరంగమై, ఊరు ఒప్పుకొన్నదైనచో వీథి ఇప్పటికిని పందెమునకు తగును. వీనిలో ఒకటి తప్పినను పందెము ఊరు విడిచి తన బాటకు పోవుటయే న్యాయము. ఈ కొలత ఒక్కసారి తీసి దాచుకొనునది కాదు. తేరు పెరిగిన ప్రతియేడును మరల తీయవలసినది.

నారాయణఖేడ్ బడిపిల్లలకు ఈ లెక్క చేయించుటకు పందెపు కారు అక్కరలేదు. టేపు పట్టి తమ ఊరి పెద్దవీథి వెడల్పును కొలిపింపవచ్చును. అందులో రెండు మీటర్ల కారులెన్ని ప్రక్కప్రక్కన పట్టునో, సెకనుకు 83 మీటర్ల చొప్పున ఆ వీథి ఎంతసేపటిలో దాటిపోవునో గుణింపించవచ్చును. పిదప ఆ వీథిలో ఒక ఉదయము నడచువారిని లెక్కింపుమనవలెను: బడికి పోవు పిల్లలు, బస్సుకై నిలిచిన రోగులు, కూరగాయల గంపలు దించుకొను స్త్రీలు. మొదటి రెండు లెక్కలు కారువాడు చేసికొనును. ఈ మూడవ లెక్క చేయవలసినది ఊరు.