క్యాన్సర్ పటంలో కనిపించని కొండ

ఊపిరితిత్తుల క్యాన్సర్ అనగానే బీడీ, సిగరెట్ గుర్తుకు వస్తాయి. అందులో అబద్ధం లేదు. ఈ జబ్బుకు పొగాకే అతిపెద్ద కారణం. కానీ అక్కడే ఆగిపోతే నేరమంతా రోగి అలవాటు మీదికే పోతుంది. అతడు ఎక్కడ పుట్టాడు, ఏ గాలి పీల్చాడు, ఆ గాలిలో పనిచేయక తప్పని స్థితి ఎవరిది అన్న ప్రశ్నలు ఆసుపత్రి చీటీ మీదికి ఎక్కవు.

జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020 నివేదికలో మిజోరంలోని ఐజ్వాల్ జిల్లా దేశంలోకెల్లా ముందుంది. వయసు సవరించిన లెక్కలో ఏటా లక్షమంది పురుషులకూ, లక్షమంది స్త్రీలకూ దాదాపు 38 చొప్పున కొత్త కేసులు. పెద్ద కర్మాగారాలు లేని కొండసీమ అది. స్త్రీపురుషులిద్దరిలోనూ పొగాకు వాడకం చాలా ఎక్కువ. చైనాలో యున్నాన్ రాష్ట్రంలోని షువాన్‌వే సంగతి వేరు. అక్కడ పొగ తాగని ఆడవాళ్లు ఇదే క్యాన్సర్‌తో పెద్దసంఖ్యలో చనిపోయారు. గాలి ఆడని ఇళ్లలో వంటకు మండించిన బొగ్గు పొగే వారిని చంపింది. పొయ్యిలకు పొగగొట్టాలు పెట్టాక జబ్బు తగ్గుముఖం పట్టింది.

అయితే ఏ పటమైనా లెక్కించిన చోటు గురించే చెబుతుంది. ఆ నివేదికలోని 28 జనాభా రిజిస్ట్రీలలో హైదరాబాద్ ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్కటీ లేదు. జార్ఖండ్ నుంచీ లేదు.

జార్ఖండ్‌ను ఊరికే ప్రస్తావించడం లేదు. పశ్చిమ సింగ్‌భూం జిల్లాలో చాయిబాసా దగ్గర రోరో కొండ ఉంది. హో ఆదివాసుల నేల. అక్కడ 1983 వరకు రాతినార తవ్వారు. తవ్వించినది హైదరాబాద్ పేరు పెట్టుకున్న సిమెంటు రేకుల కంపెనీ. గని మూశారు గానీ లక్షల టన్నుల వ్యర్థాన్ని కొండవాలు మీదే వదిలేశారు. వానలకు అది పొలాల్లోకి దిగుతుంది, ఎండలకు గాలిలో లేస్తుంది. రాతినార క్యాన్సర్ కారకమని అంతర్జాతీయంగా ఎప్పుడో తేలింది. కంటికి ఆనని ఆ పోగు ఊపిరితిత్తిలో దిగాక జబ్బు బయటపడడానికి ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై ఏళ్లు పడుతుంది. ఈ వ్యవధే యజమానికి పెట్టనికోట. అప్పటికి కూలి ముసలివాడవుతాడు, కంపెనీ పేరు మారుతుంది, హాజరుపట్టీ చెదల పాలవుతుంది. దగ్గుతూ వచ్చిన పేదవాడిని క్షయరోగి కింద రాసి పంపడం ఎంత తేలికో చెప్పనక్కర్లేదు.

ఈ సంగతి సుప్రీంకోర్టుకు తెలుసు. 1995 జనవరిలో రాతినార పరిశ్రమ కేసులో తెలుగువాడైన జస్టిస్ కె. రామస్వామి రాసిన తీర్పు, కార్మికుడి ఆరోగ్యాన్ని 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం ఆరోగ్య రికార్డులు భద్రపరచాలని ఆదేశించింది. మంచి తీర్పే. కాకపోతే అప్పటికి రోరో గని మూతపడి 12 ఏళ్లు.

రిజిస్ట్రీ పట్టికల్లో వయసు ఉంటుంది, లింగం ఉంటుంది, జిల్లా ఉంటుంది. కులం ఉండదు. శాస్త్రానికి కులంతో పనేమిటని అడిగేవారు ఒక్కటి గమనించాలి: ఎవరు గనిలోకి దిగాలి, ఎవరి వాడ పక్కన చెత్త తగలబెట్టాలి, ఎవరు రేకుల కప్పు కింద కట్టెలపొయ్యి ఊదాలి అన్నది ఈ దేశంలో చాలావరకు కులమే నిర్ణయించింది. కారణాల్లో ఉన్నదాన్ని పట్టికలోంచి తీసేసి, ఫలితం అందరికీ ఒక్కటేనని చెప్పడం శాస్త్రమెలా అవుతుంది?

కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనూ రాతినార తవ్వారు. అక్కడ పనిచేసినవారిని పేరుపేరునా వెతికి, ఛాతీ పరీక్షలు చేయించి, వారి వృత్తి, కులం, ఊరు నమోదు చేయడం జిల్లా వైద్యశాఖకు అసాధ్యమేమీ కాదు. రోరోలోనూ అదే జరగాలి. ఆ వ్యర్థాల గుట్టను కప్పే ఖర్చు మాత్రం తవ్వి లాభపడినవారి దగ్గరే వసూలు చేయాలి.