రాగి కురుల రహస్యం

స్కాట్లండ్ కొండల మీద మబ్బు కాస్త విడి, పలచని ఎండ నేలకు దిగిందంటే చాలు, దారిన పోయే పిల్ల జుట్టు భగ్గున వెలుగుతుంది. గోరింటాకు అద్దిన ఎరుపు కాదది. చింతపండుతో తోమిన రాగిచెంబు మీద పొద్దుటి ఎండ మెరిసినట్టుంటుంది. ప్రపంచంలో నూటికి ఒకరిద్దరికే పుట్టుకతో దక్కే రంగు అది.

ఆ రంగంతా వెంట్రుక కుదుట్లోనే తయారవుతుంది. అక్కడి మెలనోసైట్ కణాల దగ్గర రెండు రంగులుంటాయి: నలుపు, గోధుమ ఛాయలిచ్చే యూమెలనిన్, ఎరుపు, పసుపు ఛాయలిచ్చే ఫియోమెలనిన్. ఏది ఎక్కువ కలపాలో చెప్పడంలో పెద్ద పాత్ర 16వ క్రోమోజోమ్ మీదున్న ఎంసీ1ఆర్ జన్యువుది. తల్లి నుంచీ తండ్రి నుంచీ మార్పు చెందిన ప్రతులే వస్తే, సాధారణంగా జుట్టు ఎర్రబారుతుంది.

అసలు వింత ఆపరేషన్ గదిలో బయటపడింది. ఎర్రజుట్టువాళ్లకు మత్తు ఓ పట్టాన ఎక్కదని మత్తు డాక్టర్లు ఎప్పటినుంచో అనుకునేవారు. 2004లో అమెరికాలోని లూయీవిల్ పరిశోధకులు పదిమంది ఎర్రజుట్టు స్త్రీలను, పదిమంది ముదురురంగు జుట్టు స్త్రీలను పోల్చి చూశారు. మొదటివారికి డెస్‌ఫ్లురేన్ అనే మత్తువాయువు 19 శాతం ఎక్కువ కావాల్సి వచ్చింది. మరుసటి ఏడు చూస్తే, చర్మం కింద ఇచ్చే లిడోకెయిన్ అనే మత్తుమందు కూడా వాళ్లమీద అంతంత మాత్రంగానే పనిచేసింది.

అలాగని ఎర్రజుట్టుకు బాధే రాసిపెట్టి ఉందనుకోకండి. పెంటజోసిన్ అనే నొప్పిమందు ఎర్రజుట్టు స్త్రీలకు మరింత బాగా పనిచేస్తుందని 2003లోనే తేలింది. ఇక 2021లో ఎర్రబొచ్చు ఎలుకలు మరో ముడి విప్పాయి. ఆ ఎలుకలకు నొప్పిని తట్టుకునే శక్తి ఎక్కువ. వాటి మెలనోసైట్లు పీఓఎంసీ అనే ప్రొటీన్‌ను తక్కువగా విడుదల చేస్తాయి. అది ముక్కలైతే ఒక ముక్క నొప్పిని పెంచుతుంది, ఇంకొకటి తగ్గిస్తుంది. రెండూ తగ్గినప్పుడు తక్కెడ నొప్పిని అణిచే వైపే మొగ్గింది. ఒకే జన్యువు ఒకచోట మత్తుకు లొంగనీయనట్టు కనిపించింది, మరోచోట ఓర్పునిచ్చింది!

అయితే 2004 నాటి ఆ చిన్న పరిశోధన తర్వాత వందలమంది రోగులతో జరిగిన పెద్ద అధ్యయనాల్లో మత్తు అవసరంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందుకే డాక్టర్లు జుట్టు రంగు చూసి మోతాదు నిర్ణయించరు. ఎదుట పడుకున్న మనిషిని కనిపెట్టుకుని చూస్తూ ఇస్తారు.

మనలో చాలామందివి నల్లని కురులే. అయినా మందు ప్రతి ఒంట్లోనూ ఒకేలా పనిచేయదు. రేపు పంటి డాక్టరు దగ్గర మత్తు ఇంజెక్షన్ తర్వాత కూడా సలుపుతుంటే, పళ్ల బిగువున ఓర్చుకోకండి. "ఇంకా నొప్పి తెలుస్తోందండీ" అని చెప్పండి. పక్కవాళ్లు ఆ మాటంటే నమ్మండి. నొప్పి పైకి కనిపించదు, అది పడేవాళ్లకే తెలుస్తుంది.