మున్నేటి కబురు

జగ్గయ్యపేట, నందిగామల నడుమ పెనుగంచిప్రోలు ప్రక్కగా పారు మున్నేరు తెలంగాణమున పుట్టినది. అందుచేత ఇచ్చట చినుకు పడకున్నను, ఎగువ వానలకు ఏరు పొంగును. 2023 జూలైలోను, 2024 సెప్టెంబరులోను ఐతవరము వద్ద వరదనీరు హైదరాబాదు రహదారిని ముంచి, రాకపోకలను నిలిపివేసినది.

ఇట్టిచోట నీటికంటె ముందుగా కబురు రావలయును. వస్తువులే కొలిచి కబురు చేరవేయు ఏర్పాటునకు 'ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్' అని పేరు. ఇది నాలుగంతస్తుల మేడవంటిది. మొదటి అంతస్తు, ఏటియొడ్డున నీటిమట్టమును కొలుచు సెన్సరు. రెండవది, ఆ కొలతను మోయు మార్గము. దేశములోని అనేక నదుల కొలతలను కేంద్ర జలసంఘము ఇన్‌శాట్ ఉపగ్రహము ద్వారా పంపుచున్నది; జైపూరు, బుర్లాలలోని భూకేంద్రములు వానిని అందుకొనును. మూడవది, అంకెలను పోల్చి రాబోవు వరదను లెక్కగట్టు కంప్యూటరు. నాల్గవది, ఆ ఫలితమును అధికారులకును ప్రజలకును తెలుపు హెచ్చరిక.

ఏ అంతస్తు పని దానిదే. కావుననే సెన్సరు చెడినచో దానినొక్కదానిని మార్చిన చాలును. మేడనంతయు పడగొట్ట నక్కరలేదు. కాని క్రింది అంతస్తు మూగవోయినచో పై అంతస్తులకు పలుకుండదు. అన్నియు పలికినను, ఆ మాట విని సకాలమున మెరకకు చేరుట మాత్రము మనుష్యుని వంతు.