కదిలే నేల మీదే జీవం

కాళ్ల కింద నేల కదలదన్న నమ్మకంతోనే మనం ఇల్లు కట్టుకుంటాం, విత్తనం నాటుతాం, పిల్లల్ని వాకిట్లో ఆడుకోమని వదిలేస్తాం. కానీ మనం నిలబడ్డ నేల కదులుతూనే ఉంది! భూమి పైపొర ఒకే ముక్క కాదు. అది పెద్దవీ చిన్నవీ అయిన ఫలకాలుగా విడిపోయి, లోపలి వేడి రాతిపొర మీద మెల్లగా జరుగుతోంది. మనదేశాన్ని మోస్తున్న ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరంగా కదులుతోంది. ఇంచుమించు మన చేతిగోళ్లు పెరిగే వేగమది. దాదాపు 5 కోట్ల ఏళ్ల కిందట అది ఆసియాను ఢీకొన్నందువల్లే హిమాలయాలు పైకి లేచాయి. ఖండాలు కదులుతాయని 1912లో జర్మనీకి చెందిన ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ చెబితే పండితులు చాలామంది కొట్టిపారేశారు. ఆయన 1930లో గ్రీన్‌లాండ్ మంచులో కన్నుమూశాడు. సముద్రగర్భాన్ని పరిశోధించాక, 1960లలో గానీ ఆయన మాటకు విలువ దక్కలేదు.

ఈ కదలిక ఎంత నిర్దయగా ఉంటుందో 2004 డిసెంబరు 26న మనం చూశాం. క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. సుమత్రా దీవి దగ్గర ఒక ఫలకం మరొకదాని కిందికి దిగే చోట, సముద్రం అడుగున సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున నేల ఒక్కసారిగా జారింది. భూకంప తీవ్రత 9.1. లేచిన సునామీ హిందూ మహాసముద్ర తీరాల్లో రెండు లక్షలకు పైగా ప్రాణాలు తీసింది. మన కోస్తాలోనూ వందమందికి పైగా పోయారు. ఆ తర్వాత సంఘాల్లో బోధకులమైన మమ్మల్ని చాలామంది అడిగింది ఒక్కటే: "అయ్యగారూ, దేవుడు ఈ నేలను కదలకుండా చేసి ఉండకూడదా?"

తేలిగ్గా తీసిపారేయదగిన ప్రశ్న కాదిది. అయితే భూమిలా ఫలకాలు కదలని గ్రహాలు మన పొరుగునే ఉన్నాయి. శుక్రగ్రహాన్నే చూడండి. పరిమాణంలో దాదాపు మన భూమంత ఉంటుంది. కానీ అక్కడి నేల మీద వేడి సుమారు 465 డిగ్రీల సెల్సియస్, సీసం కరిగిపోయేంత! దాని గాలిలో 96 శాతం కార్బన్ డయాక్సైడే. సూర్యుడికి మనకన్నా దగ్గరగా ఉండటం, నీళ్లు ఆవిరై పోవడం ఇందుకు కారణాలు. గాలిలో చేరిన ఆ వాయువును తిరిగి రాళ్లలోకి చేర్చే ఏర్పాటు కూడా అక్కడ లేదు.

మన భూమికి ఆ ఏర్పాటు ఉంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వాన నీటిలో కరిగి కొండరాళ్లను అరగదీస్తుంది. నదులు దాన్ని సముద్రానికి మోస్తాయి. గవ్వలుగా, సున్నపురాయిగా అది అడుగున పేరుకుంటుంది. కదిలే ఫలకాలు ఆ రాతిని భూగర్భంలోకి లాక్కుపోతాయి. అగ్నిపర్వతాలు ఆ వాయువును మళ్లీ గాలిలోకి వదులుతాయి. భూమి వేడెక్కితే రాళ్లు త్వరగా అరిగి ఆ వాయువు తగ్గుతుంది. చల్లబడితే అరుగుదల మందగించి పెరుగుతుంది. లక్షల ఏళ్ల వ్యవధిలో భూమికి జ్వరం రాకుండా, చలి పట్టకుండా కాపాడుతున్నది ఈ చక్రమే.

అందుకే ఇతర లోకాల్లో జీవాన్ని వెదికేవారు ఇప్పుడు 'అక్కడ నీరుందా?' అని మాత్రమే కాక, 'అక్కడ నేల కదులుతుందా?' అనీ అడుగుతున్నారు. సూర్యుడి వంటి నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని తొలిసారి 1995లో కనుగొన్నారు. సౌరకుటుంబం వెలుపల నిర్ధారణ అయిన గ్రహాల సంఖ్య 2025లో 6,000 దాటింది. ఖండాలు, సముద్రాలు, దీర్ఘకాలం కదిలే ఫలకాలు మూడూ ఉన్నచోటే తెలివైన జీవం సాధ్యమని, అలాంటి చోట్లు చాలా అరుదని రాబర్ట్ స్టెర్న్, తారస్ గెర్యా 2024లో వాదించారు. ఫలకాలు లేకున్నా కొన్ని గ్రహాలు కోట్లాది సంవత్సరాలు జీవానికి అనువుగా ఉండగలవని బ్రాడ్‌ఫర్డ్ ఫోలీ, ఆండ్రూ స్మై 2018లోనే లెక్కగట్టారు. వాదం ఇంకా తేలలేదు. గురుగ్రహపు చంద్రుడైన యూరోపా మీద మంచు ఫలకాలే ఒకదాని కిందికి ఒకటి దూరుతున్నట్టున్నాయని 2014లో ఒక పరిశోధన సూచించింది. దాన్ని పరిశీలించడానికి 2024 అక్టోబరులో బయల్దేరిన యూరోపా క్లిప్పర్ 2030లో గురుగ్రహాన్ని చేరాలి.

అంటే మన ఇళ్లను కూల్చే ఆ కదలికే మనకు ఊపిరి నిలుపుతోందన్నమాట. కానీ బిడ్డను అలలకు పోగొట్టుకున్న తల్లి ముందు ఈ లెక్క విప్పితే అది ఓదార్పు కాదు, క్రూరత్వం. ఆమెకు కావలసింది పక్కన కూర్చునే మనిషి.

మనం మరచిపోకూడని మాట మరొకటుంది. ఆ ఆదివారం నేల కదిలిన తర్వాత అల మన తీరానికి రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. పిల్లల్ని ఎత్తుకుని మెరకకు చేరడానికి ఆ సమయం చాలు. కానీ చెప్పేవారేరీ? హిందూ మహాసముద్రంలో అప్పటికి సునామీ హెచ్చరిక వ్యవస్థే లేదు. ఆ తప్పు ఫలకాలది కాదు. 2007లో మన హైదరాబాద్‌లోనే, ఇన్‌కాయిస్‌లో ఆ కేంద్రం మొదలైంది. సముద్రం కింద పెద్ద భూకంపం వస్తే నిమిషాల్లో పసిగట్టి తీరాన్ని హెచ్చరించడం దాని పని.

ఆకాశంలో మరో ప్రాణి ఉందా అని వెదకడం మంచిదే. ఆ వెదుకులాటే మన నేల ఎంత అపురూపమో మనకు నేర్పింది. అయితే ఉన్నారని మనకు కచ్చితంగా తెలిసిన ప్రాణాలు ఇక్కడే, మన తీరపు గుడిసెల్లోనే ఉన్నాయి. నేలను ఆపడం మన చేతిలో లేదు, ఆపితే బతుకూ లేదు. హెచ్చరిక కబురు చివరి గుడిసె దాకా చేరుతుందా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి తగ్గితే పరుగెత్తాలని అక్కడి పిల్లలకు ఎవరైనా నేర్పారా అని చూడటం మాత్రం మన చేతిలోనే ఉంది. ప్రార్థన ముగించి లేచాక మనం చేయాల్సిన పని అదే.