మామూలుగా ఊపిరి తీసుకోండి!

"మామూలుగా ఊపిరి తీసుకోండి, తాతగారూ!"

గోడకు బిగించిన స్పీకరులోనుంచి ఈ మాట వినబడగానే మా బావగారు ఊపిరి బిగబట్టారు. తర్వాత గబగబా నాలుగుసార్లు పీల్చారు. ఆ పైన ఒక పెద్ద నిట్టూర్పు! అద్దానికి ఇవతల కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి, తెరమీద అలలాగా సాగవలసిన గీత కాస్తా పిల్లవాడి పిచ్చిగీతలాగా తయారవడం చూసి తల పట్టుకుంది.

పాఠకులు కావలిస్తే ప్రయత్నించి చూడవచ్చు. "మామూలుగా" అని ఎవరైనా అన్న మరుక్షణంనుంచి మనిషికి మామూలు ఊపిరి అన్నది వుండదు. డెబ్భైనాలుగేళ్లుగా ఎవరూ చెప్పకుండానే చేస్తూ వచ్చిన పని ఆ పూట ఆయనకు చేతకాలేదు.

బావగారు తెనాలిలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయినారు. చుట్ట ఎరగరు, బీడీ ఎరగరు. నిరుడు దగ్గు ఎంతకూ తగ్గకపోతే ఫోటో తీయించారు. కుడి ఊపిరితిత్తి అడుగున, రొమ్ముకూ పొట్టకూ మధ్య గొడుగులాగా పరుచుకుని వుండే డయాఫ్రం అనే కండరానికి దాపున, రెండు సెంటీమీటర్ల గడ్డ వున్నది. ముక్క తీసి పరీక్ష చేస్తే కేన్సరని తేలింది. ఇంకెక్కడికీ పాకలేదు, అదొక్కటే అదృష్టం. కోసి తీసేద్దామంటే గుండె బలహీనం, మత్తుకు తట్టుకోలేరన్నారు. ఇక మిగిలింది రేడియేషన్. అందుకని ఆయనా, మా అక్కయ్యా హైదరాబాదులో మా యింటికి వచ్చారు.

రేడియేషన్ అంటే గడ్డమీద టార్చిలైటు వేసినట్లు కిరణం వేసి కాల్చెయ్యడమేనని నా వుద్దేశం. డాక్టరుగారు నవ్వి, "గడ్డతో పెద్ద ఇబ్బంది లేదండీ, ఆయన ఊపిరితోనే ఇబ్బంది" అన్నారు.

మనిషి తీరిగ్గా వున్నప్పుడు నిమిషానికి పన్నెండునుంచి ఇరవై సార్లు ఊపిరి తీస్తాడు. తీసినప్పుడల్లా డయాఫ్రం ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికి దిగి మళ్లీ పైకి వస్తుంది. దాని దాపున వున్న గడ్డ కూడా దానితోపాటే ఊగుతుంది. ఊపిరితిత్తి పైభాగాన వున్న గడ్డలు అంతగా కదలవు. బావగారిది అడుగున వున్నదాయె! రెండు సెంటీమీటర్ల గడ్డ సెంటీమీటరున్నర దూరం ఊగుతూ వుంటే గురి ఎక్కడ పెట్టడం? కిరణానికి గడ్డా తెలియదు, మంచి కండా తెలియదు. ఎక్కడ పడితే అక్కడ పని చేసిపోతుంది.

పూర్వం ఫోటో స్టూడియోలో నల్లగుడ్డ ముసుగులో తల దూర్చిన ఫోటోగ్రాఫరు "కదలకండి" అని గద్దించేవాడు. అయినా వొడిలో చంటిపిల్ల కదిలేది, ఫోటోలో దానికి రెండు తలలు వచ్చేవి. మా యింట్లో అట్లాంటి ఫోటో ఇప్పటికీ వుంది. స్కానులోనూ అంతే. మనిషిని పొరలు పొరలుగా ఫోటో తీస్తుండగా గడ్డ కదిలితే, ఒక పొరలో గడ్డ తల, పక్క పొరలో మళ్లీ తలే పడవచ్చు, నడుము మాయం కావచ్చు.

ఈ తంటా కొత్తది కాదు. 1895లో రాంట్జెన్ జర్మనీలో ఎక్స్‌రే కనిపెట్టిన మరుసటి ఏడే వైద్యులు దాన్ని కేన్సరుమీద ప్రయోగించి చూశారు. 1971లో లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ తన సి.టి. యంత్రంతో మొదటి రోగి మెదడును పొరలుగా చూపించే దాకా లోపలి గడ్డమీద గురి చాలా వరకు అంచనా వ్యవహారమే. మెదడు పుర్రెలో కుదురుగా కూర్చుని వుంటుంది. రొమ్ములోని గడ్డ అట్లా కూర్చోదు. అందుకని గడ్డ చుట్టూ ఎంతో కొంత మేర కలుపుకుని కాల్చేవారు.

ఆ "ఎంతో కొంత" ఎంతవుతుందో మాకు బావగారే లెక్క వేసి చూపించారు. భోజనాలయిన తర్వాత ఒక అరకాగితం అడిగారు. "ఏమోయ్, రెండు సెంటీమీటర్ల బంతి. చుట్టూ సెంటీమీటరు కలిపితే నాలుగు సెంటీమీటర్ల బంతి. వెడల్పు రెట్టింపయితే ఘనపరిమాణం ఎన్ని రెట్లు?" అని నన్నడిగారు. నేను నీళ్లు నమిలాను. మా అమ్మాయి "ఎనిమిది" అన్నది. "సెబాసు! అంటే ఒక వంతు రోగానికి ఏడు వంతుల మంచి ఊపిరితిత్తి దండుగ. అదే అరసెంటీమీటరు కలిపితే మూడు రెట్ల మీద చిల్లర. ఆ తేడా నా ఊపిరే" అన్నారు. అక్కయ్య ఆ కాగితం లాక్కుని వంటింట్లోకి పోయింది.

ఇంతకూ ఆ తేడా మిగిలించేది ఎట్లా? 2003 ప్రాంతంలో అమెరికాలో రిచ్‌మండ్, న్యూయార్క్, సెయింట్ లూయిస్ నగరాల శాస్త్రజ్ఞులు వేరువేరుగా ఒక ఉపాయం ప్రచురించారు. ఊపిరి ఆపలేనప్పుడు ఊపిరితో సహా ఫోటో తీస్తే సరి! రోగి పొట్టమీద చిన్న ప్లాస్టిక్ పెట్టె పెడతారు. దానిమీద మెరిసే చుక్కలుంటాయి. ఒక కెమెరా ఆ చుక్కలు పైకీ కిందికీ ఊగడం కనిపెడుతూ గీత గీస్తుంది. స్కాను యంత్రం ప్రతి చోటా ఒక పూర్తి ఊపిరి గడిచే దాకా నిలిచి బొమ్మలు తీస్తుంది. తర్వాత కంప్యూటరు ఏ బొమ్మ ఊపిరిలో ఏ దశలో తీసినదో గీతను బట్టి ఏరి, సాధారణంగా పది కట్టలు కడుతుంది. ఊపిరి నిండినప్పటి మనిషి ఒక కట్ట, సగం వదిలినప్పటి మనిషి ఒక కట్ట, ఇట్లాగ. పదింటినీ వరుసగా తిప్పితే సినిమా! దీన్ని ఫోర్-డీ స్కాను అంటారు, నాలుగోది కాలం.

పేకముక్కలు రంగుల వారీగా పేర్చినట్లే గాని, ముక్కలు సరిగా పడాలంటే ఊపిరి ఒక తీరున సాగాలి. మొదటి రోజున బావగారి స్కానులో డయాఫ్రం నున్నగా వుండే బదులు మెట్లు మెట్లుగా తెగి కనబడింది. గడ్డ రెండు ముక్కలయింది. "రెండురోజులు ఇంట్లో అలవాటు చేసుకుని రండి" అన్నారు. ఆ రాత్రి ఆయన అన్నం సరిగా తినలేదు. ఇంత చదువుకుని ఊపిరి పరీక్షలో తప్పానన్న సిగ్గు కొంత. గడ్డ ఇంకా లోపలే వున్నదన్న భయం కొంత. రెండోది ఆయన పైకి అనలేదు.

ఆ రెండు రోజులూ అక్కయ్య గురువయింది. మధ్యాహ్నంపూట ఆయన్ను చాపమీద పడుకోబెట్టి, చేతులు తలపైకి చాపించి, పొట్టమీద తన చెయ్యి వేసి "తీయండి... వదలండి" అని ఒకే లయలో చెప్పేది. "యాభైయేళ్ల కాపురంలో నీ మాట ఇంతగా విన్నది ఇదే" అన్నారాయన. "మాట్లాడితే లెక్క తప్పుతుంది" అన్నదావిడ.

మూడోనాడు గీత అలలాగా సాగింది. డాక్టరుగారు మమ్మల్ని పిలిచి సినిమా చూపించారు. నల్లటి ఊపిరితిత్తిలో తెల్లటి గడ్డ, చెరువులో బెండుముక్కలాగా పైకీ కిందికీ తేలుతోంది. నాకు ఒళ్లు జలదరించింది. బావగారు మాత్రం కళ్లజోడు సవరించుకుని "ఎంత దూరం?" అని అడిగారు. పద్నాలుగు మిల్లీమీటర్లు. అమెరికాలోని వైద్య భౌతికశాస్త్రజ్ఞుల సంఘం 2006లో ఇచ్చిన సలహా ప్రకారం కదలిక అయిదు మిల్లీమీటర్లు దాటితే దాని సంగతి పట్టించుకోవాలి.

పట్టించుకోవడానికి దారులు అనేకం. గడ్డ తిరిగే మేరనంతటినీ కలుపుకుని కాల్చవచ్చు. ఊపిరి బిగబట్టించి కాల్చవచ్చు. ఎడమ రొమ్ము కేన్సరు వచ్చిన ఆడవాళ్లకు ఇది ఎంతో మేలు, గాలి నిండినప్పుడు గుండె కిరణానికి ఎడంగా జరుగుతుంది. ఊపిరి ఫలానా దశలో వున్నప్పుడే కిరణం వదిలే పద్ధతిని జపానులో త్సుకుబా విశ్వవిద్యాలయం వారు 1989లోనే ప్రకటించారు. అక్కడే హొక్కైడోలో షిరాటో బృందం గడ్డ దగ్గర రెండు మిల్లీమీటర్ల బంగారు పూస పెట్టి, సెకనుకు ముప్ఫైసార్లు దాన్ని ఎక్స్‌రేతో చూస్తూ, పూస గురిలోకి వస్తేనే కిరణం వదిలారు. బంగారం మాట వినగానే అక్కయ్య తలెత్తింది! ఎం.ఆర్.ఐ.నీ రేడియేషన్‌నూ ఒకే యంత్రంలో కలిపి, గడ్డనే చూస్తూ చికిత్స చెయ్యడం 2014లో సెయింట్ లూయిస్‌లో, 2017లో హాలండులోని ఉట్రెక్ట్‌లో రోగులకు మొదలయింది.

బావగారు ఎక్కువసేపు ఊపిరి పట్టలేరు గనుక, ఊపిరి వదిలిన చివర గడ్డ కాస్త నిలకడగా వుండే క్షణాల్లోనే కిరణం వదలాలని నిర్ణయించారు. గురికి ఆనవాలుగా ఒంటిమీద సూదితో మూడు చుక్కలు పొడిచారు. "ఈ వయస్సులో పచ్చబొట్టా!" అని అక్కయ్య ముక్కున వేలేసుకుంది.

చికిత్స రోజు విడిచి రోజు, మొత్తం అయిదు సార్లు. పొట్టమీది పెట్టె పొట్ట సంగతి చెబుతుందే గాని గడ్డ సంగతి చెప్పదు. స్కాను నాటి ఊపిరి ఇవాళ వుంటుందన్న నమ్మకమూ లేదు. అందుకని ప్రతిసారీ బల్లమీద పడుకోబెట్టి మళ్లీ బొమ్మ తీసి, సరిచూసుకుని గాని మొదలుపెట్టేవారు కాదు. ఇదే నాకు అన్నిటికంటే నచ్చింది. తెరమీద గీత కిందికి దిగినప్పుడు దీపం వెలిగేది, పైకి లేవగానే ఆరేది. వెలిగినప్పుడల్లా అక్కయ్య పెదవులు కదిలేవి. దణ్ణం పెట్టుకుంటోందనుకున్నాను. "వదలండి, వదలండి" అంటోంది.

"అర్జునుడు నీటిలో నీడ చూసి మత్స్యయంత్రం కొట్టాడు. వీళ్లు నా పొట్ట చూసి గడ్డను కొట్టారు" అన్నారు బావగారు, చివరిరోజున బయటికి వస్తూ.

మూడు నెలల తర్వాతి స్కానులో గడ్డ సగానికి పైగా కరిగింది. చుట్టూ మసకగా మచ్చ వున్నది. అది కాలిన గుర్తో, మిగిలిన రోగమో కొన్నాళ్లు పోతేగాని తేలదన్నారు. మళ్లీ సంక్రాంతి తర్వాత రమ్మన్నారు.

బయలుదేరే ముందు ఆయన ఆ సినిమాను నా ఫోనులోనుంచి తన ఫోనులోకి ఎక్కించుకున్నారు. పోయిన వారం తెనాలి వెళితే వీధి అరుగుమీద కూర్చుని పాలవాడికి చూపిస్తున్నారు. "అదిగో, ఆ తెల్లగా ఊగేది. పద్నాలుగు మిల్లీమీటర్లు!"