భారీ యంత్రాలలో ఎలక్ట్రానిక్ యాక్సిలరేటర్ పెడల్ సర్దుబాటు

4.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- ఎలక్ట్రానిక్ పెడల్ పనిచేసే తీరును వివరించగలరు.
- పెడల్ స్థానాన్ని శాతంలో లెక్కించగలరు.
- కాలిబ్రేషన్‌కు, మరమ్మతుకు గల తేడాను గుర్తించగలరు.

4.1 పరిచయం

పాత డంపర్లలో పెడల్‌ను ఇంధన పంపుతో కలుపుతూ ఇనుప తీగ గాని, కడ్డీ గాని ఉండేది. తీగ సాగితే మెకానిక్ నట్టు తిప్పి బిగించేవాడు. నేటి యంత్రాలలో ఆ తీగ లేదు. పెడల్ విద్యుత్ సంకేతాన్ని మాత్రమే పంపుతుంది. ఎంత ఇంధనం ఇవ్వాలో ఇంజన్ కంట్రోల్ యూనిట్ నిర్ణయిస్తుంది. కాబట్టి ఇక్కడ సర్దుబాటు అంటే, పెడల్ కదలికకు మొదలు ఏదో, చివర ఏదో ఆ యూనిట్‌కు తెలియజేయడమే.

4.2 సంకేతం ఏర్పడే విధానం

పెడల్‌లోని సెన్సార్‌కు సాధారణంగా 5 వోల్టుల సరఫరా ఉంటుంది. ఒక పెడల్ వదిలినప్పుడు 0.6 వోల్టులు, పూర్తిగా నొక్కినప్పుడు 4.0 వోల్టులు ఇస్తున్నదనుకోండి. వదిలినప్పుడు సున్నా ఎందుకు రాదని మీకు సందేహం కలగవచ్చు. వైరు తెగితే సంకేతం సున్నాకు పడిపోవచ్చు. వదిలిన పెడల్ కూడా సున్నానే చూపితే, ఈ రెండింటికీ తేడా యూనిట్‌కు తెలియదు.

భద్రత కోసం చాలా పెడళ్లలో రెండో సెన్సార్ కూడా ఉంటుంది. అది మొదటిదానిలో సగం వోల్టేజీ ఇస్తుందనుకుంటే, మొదటిది 2.3 చూపినప్పుడు రెండోది 1.15 చూపాలి. ఈ పొంతన తప్పితే యూనిట్ లోపాన్ని నమోదు చేసి ఇంజన్ వేగాన్ని పరిమితం చేస్తుంది.

4.3 ఒక ఉదాహరణ

పై పెడల్ 2.3 వోల్టులు ఇచ్చినప్పుడు:

(2.3 – 0.6) ÷ (4.0 – 0.6) = 1.7 ÷ 3.4 = 50 శాతం

ఇప్పుడు పెడల్ కింద మట్టి గడ్డకట్టి, అది 3.2 వోల్టుల దగ్గరే ఆగిపోయిందనుకోండి. మట్టి తీయకుండా కాలిబ్రేషన్ చేస్తే యూనిట్ 3.2నే చివరగా గుర్తుంచుకుంటుంది. తరువాత అదే 2.3 వోల్టుల దగ్గర:

1.7 ÷ 2.6 = సుమారు 65 శాతం

డ్రైవర్ పాదం అక్కడే ఉంది, ఇంజన్ మాత్రం ఎక్కువ స్పందిస్తుంది. మనుషులు తిరిగే చోట లోడుతో ఉన్న డంపర్ అలా ముందుకు దూకితే ప్రాణాపాయం. పరికరం చెడలేదు, మనం దానికి తప్పు నేర్పాం.

4.4 పని క్రమం

1. యంత్రాన్ని సమతల నేలపై నిలిపి, పార్కింగ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి.
2. పెడల్ కింద శుభ్రం చేయండి. వదిలినప్పుడు అది తనంతట తాను పూర్తిగా వెనక్కి రావాలి.
3. కనెక్టర్‌లో తుప్పు, తేమ, వదులైన పిన్నులు ఉన్నాయేమో చూడండి.
4. తయారీదారు మాన్యువల్ చెప్పిన క్రమంలోనే రెండు చివరలను నమోదు చేయండి. ఈ పద్ధతి అన్ని యంత్రాలకూ ఒకటి కాదు.
5. పెడల్‌ను నెమ్మదిగా నొక్కుతూ, విలువ ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా పెరుగుతున్నదో లేదో పరిశీలించండి.

మధ్యలో విలువ ఒక్కసారిగా పడిపోతే అది సెన్సార్ లేదా వైరింగ్ లోపం. కాలిబ్రేషన్ దాన్ని సరిచేయదు. ఆ లోపం సరిచేసే వరకు యంత్రాన్ని పనికి పంపకండి.

4.5 సారాంశం

కాలిబ్రేషన్ చివరలను గుర్తింపజేస్తుంది, లోపాన్ని బాగుచేయదు. ముందు పరిశీలన, తరువాతే సర్దుబాటు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వదిలిన పెడల్ సంకేతం సున్నా వోల్టులుగా ఎందుకు ఉండకూడదు?
2. 4.3లోని మొదటి పెడల్ 3.15 వోల్టులు ఇస్తే దాని స్థానం ఎంత శాతం?