మిషను మొరాయిస్తే

ఇంట్లో కుట్టుమిషను ఉంటే చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. జాకెట్లు, లంగాలు, చీరలకు ఫాల్సు, పిల్లల గౌన్లు. ఏదో ఒక పని దొరుకుతుంది. జూన్‌లో బడులు తెరిచే ముందు, పెళ్లిళ్ల నెలల్లో, పండగల ముందు తీరికే ఉండదు. తెలంగాణలో 2024లో సర్కారు బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చారు.

సరిగ్గా పని ఎక్కువగా ఉన్నప్పుడే మిషను మొరాయిస్తుంది. అప్పుడేం చేస్తారు? మిషను తల ఊడదీస్తారు. పాతచీరలో మూటకడతారు. ఆటోలో వేసుకుని టవునుకు పోతారు. మెకానిక్కు "రేపు రండి" అంటాడు. ఆటో ఖర్చు, రిపేరు ఖర్చు, రెండు రోజుల కూలి పోతాయి. గిరాకీ ఇంకో ఇంటికి పోతుంది. ఇంతా చేస్తే మెకానిక్కు చేసేది చాలాసార్లు సూది మార్చడమే.

"ఏమే, పొద్దున్నుంచి మిషను చప్పుడు వినపడలేదు?" అని అడుగుతుంది పక్కింటి పెద్దమ్మ.

"దారం తెగిపోతోంది పెద్దమ్మా. రేపు మూడు జాకెట్లు ఇవ్వాలి. టవునుకు తీసుకుపోదామని చూస్తున్నా."

"సూది మార్చి చూశావా?"

"సూది బాగానే ఉంది కదా. విరగలేదు."

"విరిగేదాకా ఉంచుతారా ఎవరైనా? కొడవలి విరిగితేనే సానబెడతామా?"

పెద్దమ్మ చెప్పింది నిజం. సూది విరగకపోయినా మొద్దుబారుతుంది. కొంచెం వంగుతుంది. కంటికి కనపడదు. సూది మొనను గోరు మీద మెల్లగా గీసి చూడాలి. గోరు మీద గీత పడితే మొన చెడినట్టే. సూది చదును వైపును అద్దం మీద ఆనించి పక్కనుంచి చూడాలి. సూదికీ అద్దానికీ మధ్య సందు మొనదాకా ఒకేలా లేకపోతే వంగినట్టే. అలాంటి సూదిని ఇక దాచుకోకూడదు. ఒక సూది ఖరీదు ఒక జాకెట్టు కూలిలో చాలా చిన్న భాగం.

అంత చిన్న వంపుకే ఎందుకు కుట్టు చెడుతుంది? మిషను ఎలా కుడుతుందో తెలిస్తే ఇది తెలుస్తుంది.

చేతిసూదికి కన్ను వెనకవైపు ఉంటుంది. మిషను సూదికి కన్ను మొన దగ్గర ఉంటుంది. మిషనుకు రెండు దారాలు కావాలి. ఒకటి పైన రీలులోది. రెండోది కింద బాబిన్‌లోది. సూది పై దారాన్ని తీసుకుని బట్టలోంచి కిందికి దిగుతుంది. మళ్లీ పైకి లేచేటప్పుడు సూది పక్కన దారం కొంచెం వదులై చిన్న ఉచ్చులాగా నిలుస్తుంది. కింద ఉన్న షటిల్‌కు ఒక ముక్కు ఉంటుంది. ఆ ముక్కు ఉచ్చును అందుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. ఆ తిప్పులో కింది దారం పై దారంలో చిక్కుకుంటుంది. పైనున్న కొక్కెం దారాన్ని లాగి బిగిస్తుంది. ఒక కుట్టు పడింది. రెప్పపాటులో ఇదంతా జరిగిపోతుంది. మొన దగ్గర కన్నున్న సూదితో, రెండు దారాలతో కుట్టే మిషనుకు 1846లో అమెరికాలో ఎలియాస్ హోవే పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు ఇళ్లల్లో ఉన్న మిషన్లు కుట్టేదీ ఆ పద్ధతిలోనే. యంత్రాలంటే అంతగా ఇష్టపడని గాంధీగారు కూడా 1924లో కుట్టుమిషనును మాత్రం మినహాయించారు.

షటిల్ ముక్కు సూదిని దాదాపు రాసుకుంటూ పోతుంది. సూది వెంట్రుకంత వంగినా ముక్కుకు ఉచ్చు అందదు. అప్పుడు కుట్టు తప్పుతుంది. సూదిని పైదాకా తొయ్యకుండా బిగించినా అంతే. తిరగేసి పెట్టినా అంతే.

సూదికి పైభాగంలో ఒకవైపు చదునుగా ఉంటుంది. ఇంకోవైపు కిందిదాకా పొడుగు గాడి ఉంటుంది. చదును ఏవైపు ఉండాలో మిషనును బట్టి మారుతుంది. అందుకని పాత సూది తీసే ముందే చదును ఎటుందో చూసి పెట్టుకోవాలి. దారం ఎప్పుడూ పొడుగు గాడి ఉన్న వైపు నుంచే ఎక్కించాలి. సూదుల పాకెట్టు మీద నంబరు ఉంటుంది. మామూలు నూలుబట్టకు 14. పల్చటి బట్టకు 11. జీన్సులాంటి మందం బట్టకు 16 గానీ 18 గానీ. సూది కొనేటప్పుడు ఆ నంబరు చదివి చూసుకోవాలి. కొట్టువాడు ఇచ్చిందల్లా పట్టుకుని రాకూడదు.

కొత్త సూది వేసినా దారం తెగుతుంటే దారం దారి చూడాలి. రీలు నుంచి సూదిదాకా అన్ని కొక్కేలలోంచి వచ్చిందా? టెన్షన్ బిళ్లల మధ్యలోంచి వచ్చిందా? ఒకచోట తప్పినా కుట్టు చెడుతుంది. దారం ఎక్కించేటప్పుడు బట్టను నొక్కే పాదం పైకెత్తి ఉండాలి. అప్పుడు బిళ్లలు విడతాయి. దారం మధ్యలోకి సరిగ్గా దిగుతుంది. ఇది చాలామంది చెయ్యరు. దారం ఎక్కించాక మాత్రం పాదం దించి కుట్టాలి. దించడం మరిస్తే కింద దారమంతా ఉండచుట్టుకుంటుంది. దారం రకం కూడా చూడాలి. పాతబడ్డ దారాన్ని చేతులతో లాగితే పుటుక్కున తెగుతుంది. దానికి మిషనేం చేస్తుంది?

కుట్టు వదులుగా వస్తోందని చాలామంది తప్పు చోట వెతుకుతారు. బట్ట కింద ఉచ్చులు కనపడితే బాబిన్‌ను అనుమానిస్తారు. కానీ అప్పుడు తప్పు పైన ఉంటుంది. పై దారం వదులైంది. కింది దారం దాన్ని కిందికి లాగేసింది. అదే బట్ట పైన ఉచ్చులు కనపడితే కింది దారం వదులైనట్టు, లేదా పైది మరీ టైటయినట్టు. ముందు పై టెన్షన్ మరను కొంచెం తిప్పి పాతబట్ట మీద కుట్టి చూడాలి. చాలాసార్లు దానితోనే సరిపోతుంది.

బాబిన్ కేసుకు ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని ఊరికే తిప్పకూడదు. ముందు పరీక్ష చెయ్యాలి. బాబిన్ కేసులో పెట్టి, దారం కొస పట్టుకుని వేలాడదియ్యాలి. కేసు దానంతటదే సర్రున జారిపోతే దారం లూజు. చేతిని చిన్నగా ఎగరేసినప్పుడు కొంచెం జారి ఆగితే సరిగ్గా ఉంది. ఎంత ఎగరేసినా కదలకపోతే టైటు. అప్పుడు స్క్రూను పావు చుట్టు తిప్పితే చాలు. ఎక్కువ తిప్పితే అది ఊడి కిందపడుతుంది. అంత చిన్నది దొరకదు. అసలు స్క్రూ ముట్టుకోక ముందు కేసు మీది రేకు కింద దూది పేరుకుందేమో చూడాలి. పాత పోస్టుకార్డు అంచుతో గీకితే వచ్చేస్తుంది. పిన్నుతో గీకితే రేకు చెడుతుంది.

ఇక మిషను బరువుగా నడవడం. తొక్కలేక కాళ్లు నొప్పులు పుడతాయి. దీనికి కారణాలు మూడు. షటిల్‌లో దారం ముక్కలు, దూది పేరుకోవడం ఒకటి. నూనె ఎండిపోవడం రెండోది. బెల్టు మరీ బిగువుగా ఉండడం మూడోది.

నూనె సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. చాలా ఇళ్లల్లో కొబ్బరినూనె, వేరుశనగనూనె వేస్తారు. ఆ రోజుకు మిషను గలగలా నడుస్తుంది. కొన్నాళ్లకు ఆ నూనె జిగురులాగా అయి దుమ్మును పట్టేస్తుంది. మిషను బిగుసుకుపోతుంది. మిషను నూనె వేరే ఉంటుంది. నీళ్లలాగా పల్చగా ఉంటుంది. ఆ నూనే వెయ్యాలి. ఒక్కో రంధ్రంలో ఒక్క చుక్క చాలు. రోజంతా కుట్టేవాళ్లు రోజూ వెయ్యాలి. ఎప్పుడైనా కుట్టేవాళ్లకు వారానికి ఒకసారి చాలు. నూనె వేశాక పాతబట్ట మీద కాసేపు కుట్టాలి. లేకపోతే గిరాకీ వాళ్ల తెల్లజాకెట్టు మీద మరక పడుతుంది. ఆ మరక ఖరీదు నూనెడబ్బా కన్నా ఎక్కువ.

ఇప్పటికే జిగురు పట్టి ఉంటే రంధ్రాల్లో కొంచెం కిరసనాయిలు వెయ్యాలి. దారం లేకుండా మిషను తొక్కాలి. నల్లగా మడ్డి కారుతుంది. గుడ్డతో తుడిచేసి, ఆ తర్వాత మిషను నూనె వెయ్యాలి. ఈ పని పొయ్యి దగ్గరా, బీడీ కాల్చేవాళ్ల దగ్గరా చెయ్యకూడదు.

షటిల్ తియ్యాలంటే భయపడేవాళ్లు ఉన్నారు. సూదిని పైకి తెచ్చి, బాబిన్ కేసు తియ్యాలి. నల్ల మిషన్లలో షటిల్‌ను పట్టి ఉంచే చక్రాన్ని రెండు చిన్న పట్టీలు ఆపుతాయి. వాటిని పక్కకు తిప్పితే చక్రం, షటిల్ చేతికి వస్తాయి. తీసినవి తీసిన వరసలో ఒక పళ్లెంలో పెట్టుకోవాలి. బ్రష్షుతో దుమ్ము దులిపి, ఒక చుక్క నూనె వేసి, తిరుగు వరసలో పెట్టాలి. పాదం కింద బట్టను నెట్టే పళ్లలో కూడా దూది ఇరుక్కుంటుంది. బట్ట ముందుకు పోవడం లేదంటే అక్కడ చూడాలి.

తోలుబెల్టు వాడగా వాడగా సాగుతుంది. చక్రం మీద జారుతుంది. కొంచెం కత్తిరించి తీగ కొక్కెంతో మళ్లీ కలపాలి. ఒకేసారి ఎక్కువ కత్తిరిస్తే మళ్లీ అతకదు. చక్రాన్ని ఎప్పుడూ మనవైపుకే తిప్పాలి. వెనక్కి తిరిగితే దారం షటిల్‌లో చిక్కుకుంటుంది. పిల్లలు చక్రంతో ఆడుకునే ఇళ్లల్లో ఈ గొడవ రోజూ ఉంటుంది.

మోటారు ఉన్న మిషనుకు ఏ పని చేసినా ముందు ప్లగ్గు పీకెయ్యాలి. స్విచ్చి ఆపితే చాలదు. మోటారు లోపలి పని, తీగల పని ఇంట్లో చెయ్యకూడదు. సూదికి, షటిల్‌కు కలిసే వేళ తప్పినా మెకానిక్కు దగ్గరికే పోవాలి. కొత్త సూది సరిగ్గా పెట్టినా, దారం దారి సరిగ్గా ఉన్నా కుట్టు అసలే పడకపోతే అదే అనుకోవచ్చు. ఆ పనికి చేయి తిరిగినవాడు కావాలి.

ఒక చిన్న నోటుపుస్తకం మిషను సొరుగులో ఉంచుకుంటే మంచిది. సూది మార్చిన తేదీ, నూనె వేసిన తేదీ అందులో రాయాలి. మిషను ఏ రోజున ఏమని మొరాయించిందో ఒక్క ముక్క రాసినా చాలు. మెకానిక్కు దగ్గర "పాడైంది" అని ఊరుకోకుండా "కొత్త సూది వేశాం, నూనె వేశాం, అయినా కుట్టు తప్పుతోంది" అని చెప్పవచ్చు. అప్పుడు అతను కూడా సూది మార్చి డబ్బు అడగడు. సామాను మార్చితే తీసేసిన పాత సామాను అడిగి తీసుకోవాలి. దేనికి ఎంతో విడివిడిగా కాగితం మీద రాయమనాలి. ఆ కాగితం అక్కడే చదివి, కూడి చూసుకుని, తర్వాత డబ్బు ఇవ్వాలి.